చెరువుల మ్యాపులో ఏ ముక్క ఎవరి చేతికి వెళుతోంది?

ప్రశ్న: విజయనగరంలో ఇద్దరం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాం. శ్రీకాకుళం జిల్లాలో రైతు సంఘాలతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు చెరువులు, వంశధార కాలువల వెబ్ మ్యాపు చేసిస్తున్నాం. వెనక పోస్ట్‌జీఐఎస్ (మ్యాపు డేటాబేసు), జియోసర్వర్ (మ్యాపులు పంపే సర్వర్ ప్రోగ్రాం) ఉన్నాయి. ముందు, అంటే బ్రౌజర్ వైపు, మ్యాపు చూపే లీఫ్‌లెట్, పాత ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న ఎక్స్‌ట్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ప్యానెళ్లు, వర్షపాతం గ్రాఫులకు హైచార్ట్స్, గిట్‌హబ్‌లో దొరికిన నాలుగైదు ప్లగిన్లు వాడాం. అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. వచ్చే నెల అప్పగించాలి. ఇప్పుడు వాళ్ల ఆడిటరు "ఇందులో జీపీఎల్ (పంచితే సోర్సు కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సు) ఉంది, మొత్తం సోర్సు బయట పెట్టాల్సి వస్తుంది" అంటున్నారు. ఇదే సాఫ్ట్‌వేర్‌ను రేపు పార్వతీపురం వైపు మరో సంస్థకు ఇవ్వాలని మా ఆలోచన. జీపీఎల్ ఉన్నవన్నీ తీసెయ్యాలా? సిగ్నల్ అందని ఊళ్ల కోసం టైల్స్ (మ్యాపును కోసిన చదరపు ముక్కలు) ముందే దింపి పెట్టుకోవచ్చా?

జవాబు: ఆడిటరు గారి భయంలో నిజం ఉంది. అయితే అది ఆయన చూస్తున్న చోట లేదు. జియోసర్వర్, పోస్ట్‌జీఐఎస్ రెండూ జీపీఎల్ కిందివే అయినా వాటివల్ల మీ కోడ్‌కు ముప్పు లేదు. ముప్పంతా ఎక్స్‌ట్ జేఎస్‌తో, లైసెన్సు సంగతి చూడకుండా తెచ్చుకున్న ఆ ప్లగిన్లతో ఉంది. కాబట్టి అన్నీ తీసెయ్యక్కర్లేదు. ఏ ముక్క మీ చేతి నుంచి ఎవరి చేతికి వెళుతోందో చూసుకుంటే ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేలిపోతుంది.

జీపీఎల్ బాధ్యత మొదలయ్యేది వాడినప్పుడు కాదు, పంచినప్పుడు. మీ సర్వర్‌లో మీరే నడుపుకుంటున్న ప్రోగ్రాంను ఎవరికీ పంచడం లేదు. బ్రౌజర్ సంగతి వేరు. మీ పేజీ తెరిచిన ప్రతి మనిషి ఫోన్లోకీ జావాస్క్రిప్ట్ ఫైలు నకలు దిగుతుంది. హిరమండలంలో ఒక రైతు మ్యాపు తెరిచాడంటే ఆ కోడ్ ఆయనకు మీరు ఇచ్చినట్టే. "మాది వెబ్‌సైటు కదా, సాఫ్ట్‌వేర్ ఎవరికీ ఇవ్వడం లేదు" అనే మాట సర్వర్ వైపు కోడ్‌కు చెల్లుతుంది, బ్రౌజర్ వైపు కోడ్‌కు చెల్లదు. ఈ గీత కాగితం మీద గీసుకుని, మీరు వాడిన ప్రతి దాన్నీ దానికి ఇటో అటో రాయండి.

ముందు సర్వర్ వైపు. మీ కోడ్ జియోసర్వర్‌తో డబ్ల్యూఎంఎస్, డబ్ల్యూఎఫ్‌ఎస్ అనే మ్యాపు అభ్యర్థనల ద్వారా, పోస్ట్‌జీఐఎస్‌తో ఎస్‌క్యూఎల్ ద్వారా మాట్లాడుతుంది. రెండు వేర్వేరు ప్రోగ్రాములు మాట్లాడుకున్నంత మాత్రాన ఒకదాని లైసెన్సు రెండోదానికి అంటదు. జియోసర్వర్ లోపలికి జావాలో సొంత ఎక్స్‌టెన్షన్ రాసి కలిపితే మాత్రం, అది పంచినప్పుడు జీపీఎల్ కిందికే వస్తుంది. క్యూజీఐఎస్ అనే డెస్క్‌టాప్ మ్యాపు సాఫ్ట్‌వేర్‌కు పైథాన్‌లో రాసే ప్లగిన్లదీ ఇదే దారి. సర్వే వివరాలు ఎక్కించడానికి అలాంటి ప్లగిన్ చేసి ఆ సంస్థకు ఇచ్చి ఉంటే, దాని సోర్సు అడిగే హక్కు, మరొకరికి ఇచ్చుకునే హక్కు వాళ్లకు ఉంటాయి. ఊరందరికీ బహిరంగంగా పెట్టాల్సిన పని లేదు, అందుకున్నవాళ్లకు ఇస్తే చాలు. ఆడిటరు గారికి ఈ తేడా విడమరచి చెప్పండి.

అప్పగింత రోజున మాత్రం ఒక పొరపాటు జరిగే వీలుంది. వాళ్ల సర్వర్‌లో జియోసర్వర్, పోస్ట్‌జీఐఎస్ మీరే పెట్టి ఇచ్చినా, అవి ముందే అమర్చి ఉన్న డాకర్ ఇమేజ్ (ప్రోగ్రాముల మూట) ఇచ్చినా వాటిని మీరు పంచినట్టే లెక్క. డబ్బు తీసుకుని చేసే పనిలో "సోర్సు ఫలానా సైటులో దొరుకుతుంది" అని ఒక లైను రాసి ఊరుకుంటే జీపీఎల్ 2కు సరిపోదు. సోర్సు వెంట ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని 3 ఏళ్లు చెల్లే లిఖిత హామీ ఇవ్వాలి. హామీ ఇస్తే మూడేళ్లూ దాన్ని గుర్తు పెట్టుకోవాలి. అంతకంటే మీరు ఏ వెర్షన్ పెట్టారో సరిగ్గా ఆ వెర్షన్ సోర్సు, లైసెన్సు పాఠంతో సహా, అప్పగించే డ్రైవులోనే ఒక ఫోల్డరులో పెట్టేయడం తేలిక. అదీ వద్దనుకుంటే ఆ రెండింటినీ వాళ్ల చేతే నేరుగా మూల సైటు నుంచి దింపించుకోండి. అప్పుడు పంచింది మీరు కాదు.

సర్వర్ వైపు ఉంటే గొడవ లేదన్న మాటకు ఒక పెద్ద మినహాయింపు ఏజీపీఎల్. నెట్‌వర్క్ మీద వాడుకునేవాళ్లకూ సోర్సు అందేలా చూడటానికే ఆ లైసెన్సు పుట్టింది. మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కువగా దూరేది "ఈ మ్యాపును పీడీఎఫ్‌గా దించుకోండి" అనే బటన్ వెనకనుంచి. పీడీఎఫ్ తయారీకి చాలామంది వాడే ఐటెక్స్ట్ 5వ వెర్షన్ నుంచి ఏజీపీఎల్ లేదా కొనుక్కునే లైసెన్సు. దాన్ని మీ జావా ప్రోగ్రాంలో కలిపి సైటు నడిపితే ఎవరికీ ఫైలు ఇవ్వకపోయినా బాధ్యత వస్తుంది. మీ పీడీఎఫ్ బటన్ వెనక ఏముందో ఇవాళే చూడండి. అదే అయితే అపాచీ పీడీఎఫ్‌బాక్స్‌కు మారండి, అది అపాచీ 2.0, మీ సోర్సు అడగని లైసెన్సు. బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ తయారు చేస్తే చాలనుకుంటే జేఎస్‌పీడీఎఫ్ ఉంది, అది అలాంటిదే అయిన ఎమ్‌ఐటీ.

ఇక బ్రౌజర్ వైపు. లీఫ్‌లెట్ బీఎస్‌డీ 2-క్లాజు, అలాంటి మరో మ్యాపు లైబ్రరీ ఓపెన్‌లేయర్స్ కూడా అదే. మ్యాపు లెక్కల లైబ్రరీ టర్ఫ్ ఎమ్‌ఐటీ. వీటిలో దేనికీ మీ సోర్సు ఇవ్వనక్కర్లేదు, కాపీరైటు నోటీసు చెరపకుండా ఉంచితే చాలు.

ఎక్స్‌ట్ జేఎస్ దగ్గరే అసలు చిక్కు. అది 2008లో 2.1 వెర్షన్‌తో జీపీఎల్ 3కు మారింది. జీపీఎల్ వద్దనుకున్నవాళ్లు కొనుక్కోవాలి. దాని ప్యానెళ్లను మీ కోడ్‌తో కలిపి ఒక్క ఫైలుగా కట్టి బ్రౌజర్‌కు పంపుతున్నారంటే, ఆ కలిసిన కోడ్ మొత్తాన్నీ జీపీఎల్ 3 కింద ఇవ్వాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఎక్స్‌ట్ జేఎస్‌కు మ్యాపులు జోడించే జియోఎక్స్‌ట్ విషయంలో. దాని మొదటి వెర్షన్ బీఎస్‌డీ కదా అని నిశ్చింతగా ఉంటారు. అది నిలబడేది ఎక్స్‌ట్ జేఎస్ మీదే. పై అంతస్తుకు ఏ అడ్డూ లేదని కింది అంతస్తు హక్కులు పోవు. లైబ్రరీ లైసెన్సు చూసినప్పుడు అది దేని మీద ఆధారపడుతుందో దాని లైసెన్సూ చూడాలి, ఆ కింద ఉన్నదానిదీ చూడాలి. పొలం కొనేటప్పుడు అమ్మేవాడి దస్తావేజు ఒక్కటే చూసి ఊరుకోం, ఈసీ తీయించి వెనకటి లావాదేవీలన్నీ చూస్తాం. ఇదీ అంతే.

మీకు మూడు దారులున్నాయి. ఒకటి, బ్రౌజర్ వైపు కోడ్‌ను జీపీఎల్ 3 కింద ఇచ్చేయడం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పార్వతీపురం సంస్థకు మీరు అమ్మబోయేది నిజానికి సర్వేను నడిపించే పద్ధతి, డేటా, నిర్వహణ అయితే బ్రౌజర్ కోడ్ దాచుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. రెండు, ఎక్స్‌ట్ జేఎస్ లైసెన్సు కొనడం. ఇద్దరు మనుషుల సంస్థకు ఆ ఖర్చు పెట్టమని చెప్పను. మూడు, తీసి మార్చడం. లేయర్ల జాబితాకు లీఫ్‌లెట్‌లోనే కంట్రోల్ ఉంది. చెరువుల పట్టికకు ట్యాబ్యులేటర్ సరిపోతుంది, ఎమ్‌ఐటీ. మీరు వాడింది చెట్టు ఆకారపు మెనూ, పట్టిక, పక్కకు జరిగే ప్యానెల్ మాత్రమే అయితే మార్చడం పెద్ద పనేమీ కాదు. కొత్తగా ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు అయితే నేరుగా మూడో దారికే రావాలి.

హైచార్ట్స్ కథ వేరు. దాని కోడ్ కంటికి కనిపిస్తుంది, దింపుకోవచ్చు, అయినా అది ఓపెన్ సోర్స్ కాదు. సొంతానికీ, లాభం ఆశించని కొన్ని రకాల పనులకూ ఉచితంగా వాడుకునే వీలు ఇస్తారు, డబ్బు తీసుకుని పనిచేసే సంస్థ కొనాలి. మీ క్లయింటు స్వచ్ఛంద సంస్థే కావచ్చు, మీరు కారు. మండలాల వారీ వర్షపాతం కడ్డీల గ్రాఫుకు చార్ట్ జేఎస్ చాలు, అది ఎమ్‌ఐటీ. ఇంకొంచెం హంగు కావాలంటే అపాచీ ఈచార్ట్స్.

ముందు ముందు వెక్టర్ టైల్స్‌కు (బొమ్మలకు బదులు గీతల డేటా పంపే టైల్స్) వెళ్లాలనుకుంటే ఒక జాగ్రత్త. మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ 1వ వెర్షన్ బీఎస్‌డీ. 2020 డిసెంబరులో వచ్చిన 2వ వెర్షన్ నుంచి అది ఆ కంపెనీ సొంత షరతుల కిందికి పోయింది, ఖాతా ఉండాలి, మ్యాపు తెరుచుకున్న లెక్కన బిల్లు. పాత బీఎస్‌డీ కోడ్ నుంచి విడిగా పెరిగిందే మ్యాప్‌లిబ్రే, బీఎస్‌డీ 3-క్లాజు. పేరొక్కటే కదా అని పాత పాఠంలో ఉన్నట్టు ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దింపే పనిముట్టు) మ్యాప్‌బాక్స్ పేరు కొడితే కొత్త వెర్షన్ దిగుతుంది, లైసెన్సు మారిందన్న సంగతి ఎవరూ చెప్పరు. ప్యాకేజ్ జేసన్‌లో వెర్షన్ స్థానంలో "లేటెస్ట్" అని ఎప్పుడూ రాయకండి. దిగిన వెర్షన్లు నమోదయ్యే లాక్ ఫైలును కోడ్‌తో పాటు భద్రపరచండి. లైసెన్సు అనేది వెర్షన్‌ను బట్టి ఉంటుంది, లైబ్రరీ పేరును బట్టి కాదు.

ఇప్పుడు గిట్‌హబ్ ప్లగిన్లు. గిట్‌హబ్‌లో ఉంది కాబట్టి వాడుకోవచ్చు అనుకోవడం పొరపాటు. లైసెన్సు రాయని కోడ్‌కు హక్కులన్నీ రాసినవారివే. ఉద్దానంలో కంచె లేని జీడితోట కనబడితే దానికి యజమాని లేడనుకోం కదా. ఒక్కో ప్లగిన్‌కు మూడు చోట్ల చూడండి. మూల ఫోల్డరులో లైసెన్స్ అనే ఫైలు, ప్యాకేజ్ జేసన్‌లో లైసెన్స్ అనే వరుస, సోర్సు ఫైలు నెత్తిన ఉన్న వ్యాఖ్య. మూడూ ఒకే మాట చెబితే సరే. ఒకచోట ఎమ్‌ఐటీ అనీ, మరోచోట జీపీఎల్ అనీ ఉంటే రచయితను అడగాలి. ఏమీ లేకపోతే అక్కడే ఇష్యూ తెరిచి, ఏ లైసెన్సు కింద ఇస్తున్నారో ఫైలు చేర్చగలరా అని మర్యాదగా రాయండి. చాలామంది మరిచిపోయి వదిలేసినవాళ్లే, అడిగితే చేర్చేస్తారు. వారంలో జవాబు రాకపోతే ఆ ప్లగిన్ తీసేయండి. స్కేలు పట్టీ, దూరం కొలిచే బటన్ లాంటివి వంద లైన్ల లోపు పని. పాత ఫైలు పక్కన తెరిచి పెట్టుకుని పేర్లు మార్చి రాస్తే అది నకలే అవుతుంది. పని ఏమిటో తెలుసుకుని, లీఫ్‌లెట్ డాక్యుమెంటేషన్ చూసి మీరే రాయండి.

చేత్తో వెతకడం నాలుగు ప్లగిన్లకు సరే, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో వందల ప్యాకేజీలుంటాయి. లైసెన్స్-చెకర్ అనే చిన్న పనిముట్టును ప్రొడక్షన్, సమ్మరీ ఆప్షన్లతో నడపండి. ఎమ్‌ఐటీ ఎన్ని, బీఎస్‌డీ ఎన్ని అని లెక్క వస్తుంది. ఎమ్‌ఐటీ, బీఎస్‌డీ, ఐఎస్‌సీ, అపాచీ 2.0 అన్న వరుసలను దాటేయండి. "అన్‌నోన్", "కస్టమ్", "సీ లైసెన్స్ ఇన్" అని ఉన్నవాటినీ, జీపీఎల్ అన్న అక్షరాలున్న ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చదవండి. ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కు సడలించిన రూపం) ఉంటే కంగారు పడకండి, దాన్ని విడి ఫైలుగా ఉంచి మార్చుకునే వీలు వదిలితే గడుస్తుంది. ఈ పనిముట్టుకు కనబడనివి కూడా ఉంటాయి. మీరు చేత్తో కాపీ చేసి లిబ్ ఫోల్డరులో వేసుకున్న ఫైళ్లు, సీడీఎన్ (బయటి ఫైళ్ల సర్వర్) నుంచి పిలిచే స్క్రిప్టులు, ఐకాన్లు, ఫాంట్లు. మీ ఎక్స్‌ట్ జేఎస్ పాత ప్రాజెక్టు నుంచి వచ్చింది కాబట్టి బహుశా అలాగే దాక్కుని ఉంటుంది.

బీఎస్‌డీ, ఎమ్‌ఐటీ తేలిక లైసెన్సులే కాని వాటి ఒకే ఒక్క షరతును చాలా సైట్లు తెలియకుండానే తప్పుతాయి. కోడ్‌ను కుదించేటప్పుడు వ్యాఖ్యలన్నీ కొట్టుకుపోతాయి, వాటితోపాటు కాపీరైటు నోటీసులూ పోతాయి. కోడ్‌ను ఒక్క ఫైలుగా కట్టే పనిముట్టు వెబ్‌ప్యాక్ 5 మామూలు అమరికలో ఉంటే ఆ నోటీసులను తీసి, మీ ఫైలు పేరు చివర లైసెన్స్ టీఎక్స్‌టీ తగిలించిన మరో ఫైలులో పెడుతుంది. కుదించిన ఫైలు మొదటి లైనులో ఆ పేరు కూడా రాస్తుంది. మనం సర్వర్‌కు ఎక్కించేటప్పుడు జేఎస్, సీఎస్‌ఎస్ ఫైళ్లు మాత్రమే ఎంచుకుంటాం, ఆ టీఎక్స్‌టీ ఇక్కడే ఉండిపోతుంది. డిస్ట్ ఫోల్డరు మొత్తం ఎక్కించండి. ఎక్కించాక బ్రౌజర్‌లో ఆ చిరునామా కొట్టి ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడండి. నోటీసే రాయని ప్యాకేజీల కోసం "వాడిన సాఫ్ట్‌వేర్" అనే ఒక పేజీ పెట్టి, పేరు, వెర్షన్, లైసెన్సు పాఠం అందులో ఉంచండి.

ఇంతవరకూ కోడ్ సంగతి. మీ ప్రాజెక్టులో అంతకంటే విలువైనది డేటా, దాని లైసెన్సు వేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ అనే డేటా లైసెన్సు కింద ఉంది. మ్యాపు మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు, కాపీరైటు పేజీకి లింకు ఉండాలి. లీఫ్‌లెట్ తన పేరు కూడా అక్కడే చూపిస్తుంది. ఆ పేరు తీసేయడం మీ ఇష్టం, బీఎస్‌డీ దాన్ని కోరదు. అందుకోసం అట్రిబ్యూషన్ కంట్రోల్‌ను మొత్తంగా ఆపేస్తే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరూ పోతుంది, అది ఉల్లంఘన. లీఫ్‌లెట్ పేరు వచ్చే ప్రిఫిక్స్ ఒక్కటి తీసేయండి. పీడీఎఫ్‌లో, అచ్చు వేసి పంచాయతీ గోడకు అంటించే మ్యాపులో కూడా ఆ వాక్యం ఉండాలి.

చెరువుల పొర దగ్గర ఇంకా లోతుగా ఆలోచించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను అడుగు పొరగా చూపి, మీ మనుషులు గట్టు మీద నడిచి జీపీఎస్‌తో తీసిన చెరువులన్నీ మీ సొంత టేబుల్‌లో ఉంచితే ఆ టేబుల్ మీదే. సగం చెరువుల హద్దులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకుని, మిగతా సగం మీ సర్వేతో నింపి ఒకే పొరగా ప్రచురిస్తే, ఆ చెరువుల పొర మొత్తం ఓడీబీఎల్ కింద అడిగినవాళ్లకు ఇవ్వాలి. నా సలహా అడిగితే, చెరువుల హద్దులు ఇవ్వడానికి వెనకాడకండి, తిరిగి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే చేర్చండి, జిల్లాకు పనికొస్తుంది. రైతుల పేర్లు, ఫోన్లు, శిస్తు వివరాలు మాత్రం వేరే టేబుల్‌లో, చెరువు సంఖ్యతో మాత్రమే ముడిపెట్టి ఉంచండి. అవి ఏ పరిస్థితిలోనూ ప్రచురించే పొరలోకి రాకూడదు.

గూగుల్ ఉపగ్రహ చిత్రం మీద హద్దులు గీసుకుని ఉంటే ఆ గీతలు పక్కన పెట్టండి, వాళ్ల షరతులు అందుకు ఒప్పుకోవు. ఐరోపా కోపర్నికస్ కార్యక్రమపు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కోపర్నికస్ పేరు చెబితే చాలు. వాటి స్పష్టత 10 మీటర్లు, అంటే ఎకరం చెరువుకు 40 చుక్కలు. పెద్ద చెరువు నీటి విస్తీర్ణం చూడటానికి బాగుంటుంది, చిన్న కుంట గట్టు గీయడానికి చాలదు. దానికి నడవాల్సిందే.

టైల్స్ ముందే దింపుకోవడం గురించి అడిగారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి టైల్ సర్వర్ నుంచి అలా చేయకూడదు. డేటా అందరిదీ, కాని సర్వర్ విరాళాలతో నడుస్తోంది, మూకుమ్మడిగా దింపడాన్ని వాళ్ల విధానం నిషేధిస్తుంది. లెక్క చూడండి. మన అక్షాంశం దగ్గర జూమ్ 17లో ఒక టైల్ నేల మీద సుమారు 290 మీటర్ల చదరం. నాలుగున్నర వేల చదరపు కిలోమీటర్ల జిల్లాకు ఆ ఒక్క స్థాయిలోనే 50,000కు పైగా టైల్స్. మధ్యలోనే మీ సైటును ఆపేస్తారు, సరిగ్గా శిక్షణ తరగతి రోజున మ్యాపు బూడిదరంగు గళ్లుగా మిగులుతుంది.

దానికి బదులు డేటానే దింపి టైల్స్ మీరే చేసుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటులో భారతదేశాన్ని జోన్లుగా ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ జోన్‌లో ఉంటుంది. వంశధార, నాగావళి పుట్టేది ఒడిశాలో, అది తూర్పు జోన్. ఇచ్ఛాపురం, పాతపట్నం అంచున మ్యాపు సగంలో తెగిపోకుండా, నది పైభాగం కూడా కనబడాలంటే రెండూ దింపి, ఓస్మియం పనిముట్టుతో కలిపి, మీకు కావలసిన చతురస్రం కోసుకోండి. టైల్స్ తయారుచేసే ప్లానెటైలర్‌తో పీఎమ్‌టైల్స్ ఫైలు (అన్ని టైల్స్ ఉండే ఒకే ఫైలు) కట్టండి. జిల్లా అంతా ఒకే ఫైలు, మామూలు వెబ్ సర్వర్‌లో పెట్టినా పనిచేస్తుంది, ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఊరికి తీసుకెళ్లినా పనిచేస్తుంది. ప్లానెటైలర్ మామూలుగా కట్టేది ఓపెన్‌మ్యాప్‌టైల్స్ పద్ధతి కాబట్టి మూలన ఆ పేరు కూడా చేర్చాలి.

లైసెన్సుకు సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. మ్యాపును బాగా వెనక్కి జరిపితే దేశం సరిహద్దులు కనబడతాయి. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుకు భిన్నంగా దేశం మ్యాపు ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం నేరం, 6 నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. మీకు జిల్లా చాలు కాబట్టి కనీస జూమ్, గరిష్ఠ హద్దులు పెట్టి అక్కడికే ఆపేయండి.

చివరిగా కాగితం పని. ఇద్దరూ కలిసి రాసిన కోడ్ కాపీరైటు మీదే, క్లయింటు డబ్బు ఇచ్చినంత మాత్రాన వాళ్లదైపోదు. లిఖితపూర్వకంగా రాసిస్తేనే మారుతుంది. పార్వతీపురానికి ఇవ్వాలనుకుంటున్నారు కాబట్టి ఒప్పందంలో "హక్కులన్నీ క్లయింటువి" అనే వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. వాడుకునే, మార్చుకునే శాశ్వత అనుమతి ఇస్తున్నామని రాయండి. ప్రభుత్వ శాఖ ఆదేశం మీద చేసే పనికి వేరే మాట లేకపోతే మొదటి హక్కు ప్రభుత్వానిదే, టెండరు వేసేముందు అది గుర్తుంచుకోండి. బయటి కుర్రాళ్ల చేత ఏదైనా ముక్క రాయించి ఉంటే వాళ్ల దగ్గర సంతకం ఇప్పుడే తీసుకోండి. ఆ బదిలీ పత్రంలో కాలం, ప్రాంతం రెండూ రాయాలి. కాలం రాయకపోతే కాపీరైటు చట్టం 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది.

నెల గడువులో వరుస ఇలా పెట్టుకోండి. ఈ వారం ప్లగిన్ రచయితలకు ఉత్తరాలు, పీడీఎఫ్ బటన్ తనిఖీ, ఎందుకంటే జవాబులకు సమయం పడుతుంది. రెండో వారం హైచార్ట్స్ తీసి చార్ట్ జేఎస్ పెట్టడం. మిగతా సమయమంతా ఎక్స్‌ట్ జేఎస్‌కే కేటాయించండి. అది గడువులోపు తెమలదనిపిస్తే బ్రౌజర్ కోడ్‌ను జీపీఎల్ 3 కింద అప్పగించి, ఆ మాట ఒప్పందంలో స్పష్టంగా రాసి, పార్వతీపురం వెర్షన్‌లో మార్చుకోండి. మీరు సొంతంగా రాసిన భాగాల కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి వాటిని అక్కడ మరో లైసెన్సు కింద ఇవ్వడానికి అడ్డులేదు.